పొడుగాయన తుపాకికి కొత్త చెక్క

నమ్మనివాడెవడో ఇప్పుడే చెయ్యెత్తండి, మధ్యలో దగ్గితే మాత్రం ఊరుకోను. ఒరేయ్ డ్రైవరూ, నీకే చెప్పేది. టీ తాగుతూ నవ్వితే పొలమారుతుంది, తర్వాత నన్ననొద్దు. అమ్మాయీ, గుడ్డలో చుట్టుకొచ్చిన ఆ తుపాకి ఒళ్ళోనే ఉంచుకో, తొందరేం లేదు. ఆదివారం పోటీ అన్నావు, చెక్క కుదరట్లేదన్నావు. ఈ పని నాకిస్తావో, ఇంకో మేస్త్రిని వెతుక్కుంటావో, నా కథ విన్నాక నువ్వే చెప్పు.

ఇరవయ్యేళ్ళ కిందటి మాట. ఓ పొడుగాయన నా పనికొట్టు గుమ్మంలోంచి వంగి వంగి లోపలికొచ్చాడు. చేతిలో వాళ్ళ తాతల నాటి జంటగొట్టాల తుపాకి. గొట్టాలు బంగారం, కానీ భుజానికి ఆనించే చెక్క మరీ పొట్టి. పేల్చినప్పుడల్లా తన బొటనవేలే వచ్చి తన ముక్కుని గుద్దేది. "మేస్త్రీ, నీ చేతిలో పెడుతున్నా" అన్నాడు. పెట్టాక ఊరుకుంటానా? చెయ్యి కొలిచాను, మెడ కొలిచాను, దవడ ఎముక కొలిచాను, ఆయన నిట్టూర్పు ఎంత పొడుగో అదీ కొలిచాను!

"నిట్టూర్పు టేపుతో కొలిచావా పెద్దాయనా?" అన్నాడు టీకొట్టాయన.

నువ్వు పాలలో నీళ్ళు దేంతో కొలుస్తావో దాంతోనే! ఇంతకీ, మా నాయనమ్మ మంచం కింద ఏళ్ళుగా ఆరిన అక్రోటు దుంగ బయటికి లాగాను. తుపాకి ఇనుముకి దీపం మసి పూసి చెక్క మీద అదమడం, మసి అంటిన చోటల్లా ఉలితో గీకడం, మళ్ళీ పూయడం, మళ్ళీ గీకడం. చివరికి ఎలా కూర్చుందంటే, ఓ చీమొచ్చి చెక్కకీ ఇనుముకీ మధ్య సందు వెతికి వెతికి, దొరక్క, ఏడుస్తూ వెళ్ళిపోయింది.

"చీమ ఏడవడం చూశావా?" డ్రైవరు ఆగలేకపోయాడు.

వెళ్ళిన దారంతా తడిరా! ఆ పైన అవిసె నూనె. గుడ్డతో కాదు, ఒట్టి అరచేత్తో రుద్దాను. రుద్దగా రుద్దగా నా చేతిగీతలన్నీ చెక్కకెక్కాయి. చెయ్యి చూసి జోస్యం చెప్పేవాడొకడు ఆ తుపాకి చూసి, "దీనికి విదేశీయానం ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

పోటీ! మట్టిబిళ్ళలు గాల్లోకి విసురుతారు, పేల్చి పగలగొట్టాలి. పొడుగాయన తుపాకి ఎత్తనేలేదు, చంటిపిల్ల చంకెక్కినట్టు అదే భుజమెక్కింది. ఢాం! మొదటి బిళ్ళ పిండి. రెండోది సగం లేచేసరికే పిండి. మూడోది పెట్టెలో ఉండగానే భయంతో పగిలింది. ఇదేదో మాయ అని పోటీ పెద్దలు తూటాలు తీసేయమన్నారు. తీసేశాడు. ఉత్త తుపాకి అటు తిరిగి ఓ చూపు చూసింది, అంతే, మిగిలిన బిళ్ళలన్నీ "మనకెందుకొచ్చిన గొడవ" అని వాటంతటవే పగిలాయి, పెద్దల చేతుల్లోని టీకప్పులతో సహా! నమ్మకపోతే ఆ పొడుగాయన్నే అడుగమ్మా.

"అడిగే వచ్చాను మేస్త్రిగారూ," అంది అమ్మాయి గుడ్డ విప్పుతూ. "ఆయన మా మామగారు. ఇదే ఆ తుపాకి. ఆయనది ఎడమచేతివాటం. మీరు అన్నీ కొలిచారట గానీ, ఏ చేత్తో కాలుస్తారని మాత్రం అడగలేదట. చెక్కని కుడిచేతివాళ్ళకి కుదిరేలా వంచేశారు. ఆ రోజు ఒక్క బిళ్ళా పగల్లేదు. నాది కుడిచెయ్యి, వంపు నాకు చక్కగా సరిపోయింది. పొడుగే ఎక్కువ. ఒక్క అంగుళం తగ్గించండి, చాలు. ఇంకేమీ ముట్టుకోకండి."

చూశారా! అందరూ విన్నారా! కోడలు పలక పట్టుకుని బడికెళ్ళే వయసులోనే, ఆ కోడలి చెంపకి సరిపోయేలా చెక్క వంచిపెట్టిన మేస్త్రి ఈ భూమ్మీద ఇంకొకడున్నాడా? ఇవ్వమ్మా ఇటు, ఆదివారం దాకా ఎందుకు, రేపే పట్టుకెళ్ళు!

"దీనికైనా సాక్షి ఉన్నారా?" అన్నాడు డ్రైవరు.

"ఉన్నారు," అంది అమ్మాయి, తుపాకి నా చేతుల్లో పెడుతూ. "మా అత్తగారు. పేల్చినప్పుడల్లా ఆ వంపు తగిలి వాచిన ఆయన చెంపకి ఏళ్ళ తరబడి కాపడం పెట్టింది ఆవిడే."