అక్టోబర్‌కల్లా గోల్‌కీపర్

(ఐస్ హాకీ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే రోజు. హాల్లో ఓ జట్టు బల్ల దగ్గర మేనేజరు డార్సీ, ఊరూరా తిరిగి ఆటగాళ్లను వెతికిపెట్టే ఎటియెన్. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడినవాళ్లు.)

“మళ్లీ చెప్తున్నా డార్సీ. మొదటి రౌండులో గోల్‌కీపర్ వద్దు.”

“మెల్లగా ఏడువు. పక్క బల్లవాళ్లు వింటున్నారు.”

“విననీ. పద్దెనిమిదేళ్ల కీపరంటే పచ్చికాయ. పండడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ స్వీడన్ కుర్రాణ్ణి తీసుకో, డిఫెన్సుకి పనికొస్తాడు.”

“ఐదారేళ్లా! నాకు ఈ చలికాలం గడిస్తే చాలు. ఉన్న కీపర్లలో ఒకడికి మోకాలు పోయింది, ఇంకొకడికి కళ్లు పోయాయి. ఓనరు నన్ను తరిమేసేలా ఉన్నాడు.”

“అంటే, ఆ కీపర్ కుర్రాడు హల్వర్సన్‌ని అక్టోబర్‌లో సీజన్ మొదలవగానే దింపుతావా?”

“అలా అన్నానా?”

“అన్లేదు. దింపుతావా?”

“అవసరాన్ని బట్టి...”

“మొహం ఇటు తిప్పు. దింపుతావా?”

“దింపుతా! ఓనరుకి మాటిచ్చా. తొలి ఆటకే వాడు గోలు ముందుంటాడు. చాలా?”

“మన డిఫెన్సు జల్లెడ. ఆటకి నలభై షాట్లు పడతాయి వాడి మీద. క్రిస్మస్‌కల్లా పక్ బిళ్ల కనబడితే వణికిపోతాడు.”

“వణికింది నువ్వు! నిన్నూ ఆ వయసులోనే కీపర్‌గా దింపారు, చేతులెత్తేశావు. అందరూ నీలాగే చస్తారా? నీ కుళ్లు వాడి మీద కక్కకు.”

“కుళ్లే అనుకో. విన్నిపెగ్‌లో తొమ్మిది గోల్స్ తిన్నానే, ఆ రోజు నా ముందు డిఫెన్సులో ఉన్నదెవరు?”

“అది వేరే సంగతి.”

“వేరేనా? తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కడంటే ఒక్కడు నా పక్కన కూర్చోలేదు. నువ్వూ కూర్చోలేదు.”

“ఆ పాత సోది ఇప్పుడెందుకురా? టైమైపోతోంది. వాడు ఆడతాడా, ఆడడా? నీకు జీతమిచ్చేది అది చెప్పడానికే.”

“ఆడతాడు. ఇలాంటివాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. అందుకే పాడుచెయ్యొద్దంటున్నా. మూడేళ్లు కింది లీగులో ఆడిస్తానని మాటివ్వు. తీసుకోమని నేనే అంటా. బతిమాలుతున్నా డార్సీ.”

“ఇవ్వను. పేరు చదివి వస్తా. నువ్వు రేపట్నుంచి వేరే కొలువు చూసుకో.”

“ఇదే ఆఖరు మాటా?”

“ఇదే.”

“సరే, వెళ్లు.”

(డార్సీ వేదికెక్కి పేరు చదివి, కుర్రాడికి జట్టు జెర్సీ తొడిగి, తిరిగి వచ్చాడు.)

“విన్నావా ఆ చప్పట్లు? ఓనరైతే లేచి నిలబడ్డాడు! కుర్రాడి అమ్మ మాత్రం, నేను చెయ్యి చాపితే పట్టించుకోకుండా నీవైపు చూసింది. నువ్వేంటి, తలూపావు?”

“ఊపా.”

“ఎందుకు?”

“వాడికి మిషిగన్‌లో ఓ కాలేజీ జట్టు చోటిస్తానంది. మొన్న వాళ్లింటికెళ్లినప్పుడు, కాస్త ఆగమ్మా, మా డార్సీ మాటిస్తాడేమో చూస్తా, ఇవ్వకపోతే తలూపుతా, కాలేజీకే పంపెయ్ అన్నా.”

“ఏరా, నా కుర్రాణ్ణి...”

“నీ కుర్రాడే, కాదన్లేదు. జెర్సీ కూడా తొడిగావుగా. జట్టు ఎంచుకున్నా ముందు కాలేజీకి వెళ్లొచ్చు, రూలే ఉంది; నాలుగేళ్లు అక్కడ ఆడుకుని వస్తాడు. అక్టోబర్‌లో గోలు ముందు ఎవరుంటారో, పోయి ఓనరుకి చెప్పు.”