ముడుపులు కట్టిన బోటుబండి

కాసులమ్మని సూసారా మీరు, దిబ్బలరేవు కాసులమ్మని? సూసుండరు లెండి. ఆయమ్మకి పుట్టినకాడ్నించీ ఒక జబ్బుందంట. ఏం జబ్బంటే, ఎందుకు అనే జబ్బు. కోడి కూసిందనుకో, ఇప్పుడెందుకు కూసింది? వల సిరిగిందనుకో, ఇక్కడే ఎందుకు సిరిగింది? పెళ్లిసూపులకి ఎల్లాజీ వోళ్లొస్తే, ఆ పిల్లోడి సెవి మీద మచ్చెందుకొచ్చిందని అందరి ముందూ అడిగీసిందంట. కాసులమ్మ తల్లి కూతురి నోరు నొక్కీసింది. ఎల్లాజీ మాత్రం నవ్వీసి, గేలం తగిలిందన్నాడంట. ఆ నవ్వుతోనే పెళ్లయిపోయిందనుకో. ఆయన సరంగు, బోటు నడిపే మనిషి, మాటని బంగారంలా దాసుకుంటాడు. ఆయమ్మ అడుగుతాది, ఈయన ఊఁ అంటాడు. పాతికేళ్లు అలాగే కాపరం సేసారు, ఏ గొడవా నేదు.

నిరుడు ఏటైందంటే, ఆళ్ల పాత బోటు ఒడ్డుకొచ్చీటప్పుడు కెరటాల్లో బోల్తా కొట్టీసింది. మిగిలిన నలుగురు కళాసీలూ, అంటే బోటులో పన్జేసేవోళ్లు, ఈదుకొచ్చీసారు. ఎల్లాజీని మాత్రం నీళ్లు లోపలికి లాగీస్తే, ఒక కాళీ డబ్బా కౌగిలించుకుని పొద్దున్నించీ సాయంత్రం దాకా నీళ్లలో ఉండిపోనాడంట. ఇంటికొచ్చినాక కాసులమ్మ ఊరుకుంటాదా? ఏటైంది మావా, ఎలాగున్నాది మావా, ఏటనిపించింది మావా అని పొయ్యి దగ్గర కూకోబెట్టి వొంద అడిగింది. ఏటీ కానేదు, కూడెట్టు అన్నాడంట. తిన్నాడు, తొంగున్నాడు. అంతే సంగతి. తరవాత కాసులమ్మే పట్టు పట్టి పట్నంలో కొత్త బోటు కట్టించింది. ఆ రేవుకి బోటు ఆపుకునే జెట్టీ ఉన్నాదేటి? నేదు కదా. బోటుని బండి మీదెట్టి ఇసక మీంచి నీళ్లలోకి దింపాల. అందుకని ట్రాక్టరుకి తగిలించుకునే రెండు సక్రాల ఇనప బండి కూడా సేయించారు. ఆ బండికి బ్రేకుంది. ముందర పొడుగాటి ఇనప దూలం ఉంటాదా, దాని మీద ఒక పిడి. పిడి పైకి లాగితే దూలం కిందనున్న తీగ గుంజుకుంటాది, తీగ గుంజుకుంటే సక్రాలు రెండూ బిగిసిపోతాయి. పిడి దించితే ఒదిలేత్తాయి. ఇది మనసులో ఎట్టుకోండి, కతంతా దీని మీదే ఉంది.

సేపల వేట మీద సర్కారెట్టిన నిషేదం ఎత్తీసే ముందురోజు మద్దేనం బోటు ఊళ్లోకొచ్చింది. దాలయ్య ట్రాక్టరు తోలుకొచ్చాడు. ఇరవై కిలోమీటర్లు, ఎక్కడా ఆగనేదు, సర్రున వొచ్చీసింది. ఊరంతా ఎదురెళ్లి కొబ్బరికాయలు కొట్టారు, పసుపు నీళ్లు సల్లారు. కొత్త బోటుకి గంగమ్మ పేరున ముడుపు కట్టాల కదా? పసుపు గుడ్డలో రూపాయి బిళ్లెట్టి, మనసులో కోరికనుకుని కడతారు. ఎప్పుడూ బోటు మూతికి, అంటే ముందు మొనకి, కడతారు. ఈ బోటేమో బండి మీదెక్కి కూకుంది, మూతి అందదు. ఎవురి సెయ్యికైనా అందేది ఏటి? ముందరున్న దూలం. కాసులమ్మే ముందర కట్టింది, నా మొగుడు రోజూ ఇంటికి రావాల తల్లీ అని. ఆయమ్మని సూసి రెండోది, రెండోదాన్ని సూసి పదోది. సాయంత్రానికి దూలం కనిపించనేదంటే నమ్ముతారా మీరు? పసుపు గుడ్డల మూటైపోయింది.

మర్నాడు పొద్దున్నే ఏటైందంటే, దాలయ్య ట్రాక్టరు తగిలించి లాగాడు. బండి కదల్నేదు. గట్టిగా లాగాడు. సక్రాలు తిరిగీ తిరక్కండా ఈడ్సుకొచ్చాయి, రోడ్డు మీద నల్లటి గీతలు, రబ్బరు మాడిన కంపు. బ్రేకు పట్టీసిందిరా అని పిడి సూసారు. పిడి దించే ఉంది! ఇంక సూడండి ఊళ్లో గోల. ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది. నిషేదం ఎత్తీసిన రోజు పొద్దు వాలేలోపు నీళ్లు ముట్టని బోటు ఆ యేటికి అచ్చిరాదంట, అందుకని దాని కళాసీలు వేరే బోట్లెక్కీవొచ్చు, ఎవురూ తప్పనరు. అప్పుడే ఇద్దరు పక్క బోటు వైపు సూస్తన్నారు. కళాసీలు నేకపోతే బోటెందుకు, ఎండెట్టుకోడానికా? ఊరిపెద్ద గురయ్య తాత వొచ్చి, సక్రం సుట్టూ తిరిగి, తల్లికి ఇష్టం నేదే అమ్మా, ఇంకో ముడుపు కట్టండి అన్నాడంట. కట్టారు. దాలయ్య లాగాడు. మొదట్లో కొంచెమైనా ఈడ్సుకొచ్చిందా, ఇప్పుడు అదీ నేదు! ఇంకో రెండు కట్టండి అన్నాడు తాత. నవ్వకండి, మీరైనా అదే సేసేవోరు.

ఎల్లాజీ ఏటి సేస్తన్నాడంటారా? దూరంగా తాటిదుంగ మీద కూకుని బీడీ కాలుస్తన్నాడు. ఒగ్గీవే, రేపు సూద్దాం అన్నాడంట. రేపేటి మావా, రేపటికి కళాసీ ఒక్కడైనా ఉంటాడా అని ఆయమ్మ కసిరి, బండి దగ్గిరికొచ్చి సక్రం మద్దిన బ్రేకు డ్రమ్ము మీద సెయ్యేసింది. సుర్రుమంది! రెండో సక్రం ముట్టుకుంది. అదీ సుర్రుమంది. ఓరి దాలయ్యా, నిన్న పట్నంనించి వొచ్చినాక ఇది ముట్టుకున్నావా, ఇలాగే కాలిందా? నేదొదినా, సల్లగా ఉంది, సెయ్యానించుకునే కబుర్లు సెప్పుకున్నాం అన్నాడు. అయితే నిన్న నేని జబ్బు ఇయ్యాల ఎందుకొచ్చింది? ట్రాక్టరు ఇప్పీ అంది. ఇప్పీసాడు. జాకీ ఎట్టి ఒక సక్రం లేపమంది. లేపాడు. నలుగురు పట్టుకుని తిప్పినా తిరగనేదు. అయితే ట్రాక్టరు తప్పు కాదన్నమాట. తుప్పేమో అని దాలయ్య కిరసనాయిలు పోసి సుత్తితో కొట్టాడు. నిన్న సేయించిన బండికి తుప్పేట్రా, నీ మొహం, అంది కాసులమ్మ.

తరవాత ఆయమ్మ ఏటి సేసిందనుకున్నారు? సీర ఎగ్గట్టి బోటు కిందకి దూరీసింది. సక్రం దగ్గర తీగ పట్టుకుంది. పిడి దించితే తీగ వొదులుగా ఏలాడాల కదా, ఇదేటి ఇలా బిర్రుగా ఉంది? దీన్నెవుడు గుంజుతన్నాడు? సేత్తో తడుంకుంటా తడుంకుంటా ముందరికి పాక్కుంటా ఎల్లింది. ఎల్లి ఎల్లి ఎక్కడ తేలిందంటే, ముడుపుల మూట కింద తేలింది. సూస్తే ఏటుంది! ముడుపు కట్టినోళ్లు దూలం సుట్టూ గుడ్డ తిప్పీటప్పుడు కిందనున్న తీగని కూడా కలిపి కట్టీసారు. కట్టీ కట్టీ తీగని దూలానికి నొక్కీసారు. వల ఆరేసే తాడుని మద్దిన పట్టుకుని పైకి లాగారనుకో, రెండు గుంజలూ వొంగుతాయా నేదా? ఇదీ అంతే. ఒక్కో ముడుపుకీ తీగ మరికాస్త గుంజుకుని, బ్రేకు మరికాస్త పట్టీసింది. కదలమని కట్టిన ముడుపులే కదలనీకుండా పట్టుకున్నాయి.

కాసులమ్మ బయటికొచ్చి సెప్పింది. సెప్తే ఇంటారా? కట్టిన ముడుపు ఇప్పుతావంటే కొంపలు ములిగిపోవూ! గురయ్య తాత సెవులు మూసుకున్నాడు. అప్పుడాయమ్మకీ బయమేసింది. అందరికన్నా ముందర కట్టింది తనది కదా, మొగుడి పేణం కోసం కట్టింది కదా. అయినా సముద్రం వైపు తిరిగి, తల్లీ, నాను మొక్కింది నీకు, ఈ ఇనప ముక్కకి కాదు, అని ఒక్క మాటనీసి తన ముడుపు తనే ఇప్పి, నిచ్చినేయించుకుని బోటు మూతికి కట్టింది. ఊరు నోరు తెరుసుకుని సూసింది. పిడుగు పడనేదు. అప్పుడు ఒక్కొక్కరూ వొచ్చి ఎవురిది ఆళ్లు ఇప్పుకుని, నిచ్చినెక్కి మూతికి కట్టుకున్నారు. గురయ్య తాతవే మూడున్నాయంట, మెల్లిగా ఇప్పుకుని తనూ నిచ్చినెక్కాడు.

అన్నీ ఎల్లిపోయాయా, ఒక్కటి మిగిలిపోయింది. తీగ ఇంకా బిర్రుగానే ఉంది. ఎవురిదిది? ఎవుర్నడిగినా నాది కాదంటన్నారు. పొద్దు వాలిపోతంది. దాలయ్య కత్తి తీసాడు. కొయ్యకురా, మొక్కినోళ్ల సెయ్యే ఇప్పాల, అని కాసులమ్మ ముడి దగ్గిరికి వొంగింది. ఆడోళ్లు ఏసే ముడి కాదది. రెండు సుట్లు తిప్పి, కొస లోపలికి దూర్సి, ఎంత లాగితే అంత బిగిసే సరంగు ముడి. పాతికేళ్లనించి ఇంట్లో దూలానికీ, ఉయ్యాలకీ, గేదె కట్టుగుంజకీ సూస్తన్న ముడి. తాటిదుంగ దగ్గిరికెల్లి పక్కన కూకుంది. మావా, ఏటి మొక్కావు? ఊఁ అన్నాడు. ఊఁ కాదు, ఏటి మొక్కావు? అప్పుడు ఎల్లాజీ బీడీ పారీసి, తెల్లారగట్ల కట్టానే, అన్నాడంట. ఈ ఒక్క రోజుకీ నన్ను నీళ్లలోకి తోలకు తల్లీ అని మొక్కాను. ఆ రోజు డబ్బా పట్టుకున్నప్పటినించీ కెరటం సప్పుడింటే నాకు కాళ్లు సచ్చిపోతన్నాయే. కాసులమ్మకి ఏడుపొచ్చీసింది. ఏడుస్తానే తిట్టింది. తల్లికి సెప్పుకున్నావు గానీ నాతో సెప్పనేకపోనావా! నాను వొంద అడిగానే ఆ రోజు, ఒక్కదానికి సెప్పుంటే నీ సొమ్మేటి పోను? నీకు బయమైతే నువ్వొడ్డునుండు. కళాసీల్లో ఎవుడో ఒకడు తిప్పుతాడు బోటు. మనిషి కంటే బోటెక్కువేటి నాకు?

ఎల్లాజీ తాటిదుంగ మీంచి లెగిసాడు. దూలం దగ్గిరికెల్లి ముడి ఇప్పాడు. ఇప్పగానే తీగ కిందకి ఏలాడిపోయింది, సక్రాలు రెండూ టక్కుమని ఒదిలీసాయి. ఆ గుడ్డ సేతిలో ఎట్టుకునే కళాసీల వైపు తిరిగి, ఒరే, నాకు బయమేస్తందిరా, అనీసాడంట అందరి ముందూ. పాతికేళ్లలో ఆ మనిషి నోట్లోంచి వొచ్చిన అతి పెద్ద మాట అదేనేమో. పొద్దున్న పక్క బోటు వైపు సూసిన ఇద్దర్లో ఒకడే ముందర నోరిప్పి, నాకు మాత్రం నేదేటి బావా, రేత్రుళ్లు ఉలిక్కిపడి లెగుస్తన్నాను, అన్నాడంట. రెండోవోడూ అదే మాట. మూడోవోడు తలొంచుకున్నాడు. నాలుగోవోడు, ఎవుడూ అన్నేదని నానూ అన్నేదు, అన్నాడంట.

పొద్దు ఇంకా జానెడుండగానే బోటు నీళ్లు ముట్టింది. ఎల్లాజీయే సుక్కాని పట్టాడు, ఐదుగురూ ఎల్లారు, దగ్గర్లోనే వలేసి వొచ్చీసారు. ఏటి పడిందని అడక్కండి, పెద్దగా ఏటీ పడ్నేదు. ఇప్పటికీ ఆ బోటులో ఒక పద్దతుందంట. పొద్దున్నే ఎక్కే ముందు ఎవుడికైనా గుండె జారితే ఇయ్యాల నా వొల్ల కాదురా అనీవొచ్చు, ఎవుడూ నవ్వడు, ఆ రోజుకి ఆడు ఒడ్డునుంటాడు. మిగిలిన బోట్లోళ్లు ఎక్కిరిస్తారు లెండి. ఎక్కిరించి, సందులోకొచ్చి కాసులమ్మని మెల్లిగా అడుగుతారంట, మీ బోటులో ఇంకో మనిషికి సోటుందా అప్పా అని. సరే లెగండి, ఎంతసేపు కూకుంటారు, నా నోరెండిపోయింది.