మొక్కు తూకం

(బోరబండ స్టేషన్ దగ్గర తిరుపతి కిరాణా దుకాణం. తిరుపతి, అతని అక్క కిష్టమ్మ, బావ రామన్న కాంటా ముందు ఉన్నారు.)

"కోటు ఇప్పుమంటె ఇప్పవేందయ్యా? కోటుతోని తూగుతరా ఎవలన్న?"

"సలి పెడ్తున్నదే కిష్టమ్మా."

"మిట్టమధ్యాహ్నం సలేంది? సమ్మక్కకు నేను మొక్కింది నీ ఎత్తు బెల్లం. కోటు ఎత్తు గాదు. తమ్మీ, నువ్వన్న చెప్పు మీ బావకు."

"ఉండనీ అక్క, ఆఫీసు కోటు. నానక్‌రామ్‌గూడ టవర్ల గార్డెన్ సూపర్‌వైజరంటె ఏమనుకున్నవ్. బావ, కూసో. కుర్చీ బరువు తీసేసిన."

"కూసుంట గని, కుర్చీ కింద గోనెసంచేందిరా తిరుపతీ?"

"కుర్చీ జారకుండ."

"పోయిన జాతరకు లేకుండె గద."

"పోయిన జాతరకు కుర్చీ జారలే."

"ఆగుండ్రి, ఆగుండ్రి. కొబ్బరికాయ, పసుపు కుంకుమ లేకుంట బంగారం తూస్తరా? పక్క దుకాణంల తెస్త. నేనొచ్చేదాంక కూసోకు."

"బెల్లానికి పసుపు ఎందుకే?"

"బెల్లమనకు. అమ్మకిచ్చేది బంగారమే. నోరు మంచిగుండనీ."

"పోయింది. బావ, ఇగ చెప్పు. కోటు ఎందుకంత కిందికి గుంజుతున్నది?"

"పాతదైంది."

"జేబుల చెయ్యి పెట్టనియ్... ఇవేంది, వాల్వులా?"

"మెల్లగరా. గార్డెన్ పైపులయి. ఇత్తడియి."

"గింత బరువు ఏసుకొని తిరుగుతున్నవా? గుండె పంపు బలం తగ్గిందని దవాఖానల పండి లేచినోనివి."

"ఆటోల వచ్చిన. తిరుగలే."

"అమ్మవారికి ఎక్కువ బెల్లం ఇయ్యాలంటె నన్నడుగు, ఇంకో బుట్ట ఇస్త. గీ దొంగతనమెందుకు?"

"అమ్మవారి కోసం గాదు. మీ అక్క కోసం. ఎంత తగ్గిన్నో కాంటా మీద చూస్తె తట్టుకోదు."

"తగ్గుడు మంచిదే గద. మీ ఆఫీసుల బరువు తగ్గే పోటీ పెడితె నీకే మొదటి బహుమానం వచ్చిందని అక్క గల్లీ గల్లీకి చెప్పింది."

"వచ్చింది. సాఫ్ట్‌వేర్ పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. ఏం డైట్ చేసినవ్ అంకుల్ అని సుట్టూ చేరిండ్రు. ఆకలైతలేదు బిడ్డా అన్న. అరె, గదే మాకు గుడ కావాలె అన్నరు."

"మరి పరేషానెందుకు?"

"పోటీల గెలిచినోళ్లకు పెద్ద రక్తపరీక్ష ఫ్రీ. కొవ్వుల కెల్లి హార్మోన్లు పుడ్తయట, నీకెర్కనా?"

"కొవ్వుల కెల్లా? కొవ్వంటె ఊకె పడి ఉండేదనుకున్న."

"నేను గుడ. అది గుడ నౌకరి చేస్తదట. ఒక హార్మోన్ కడుపు నిండిందని మెదడుకు చెప్తది. ఇంకోటి, అడిపోనెక్టిన్, షుగర్‌ను అదుపుల పెడ్తది, గుండెకు మంచిది. గా మంచిది అందరికంటె నాకే ఎక్కువొచ్చింది."

"మంచిదే గద."

"నేను గుడ గట్లనే సంబరపడి కాయితం పట్కొని డాక్టరమ్మ కాడికి పోయిన. మొఖం సిన్నగ చేసింది. గట్టి గుండె ఉన్నోళ్లకు అది మంచి గుర్తేనట. గుండె నీరసపడి, బరువు దానంతటదే కరుగుతుంటె మాత్రం కాదట. ఒళ్లు కొవ్వుతోపాటు కండను గుడ తింటున్నదని అనుమానమన్నది."

"మంచిది ఎక్కువైతె చెడెట్లయితది?"

"నేను గుడ అదే అడిగిన. 'గల్లీల ఫైరింజన్లు ఎక్కువ కనిపిస్తె సంబరపడ్తవా రామన్నా, ఏ ఇల్లు అంటుకున్నదని చూస్తవా?' అన్నది."

"అంటె ఇల్లు అంటుకున్నట్టేనా బావ?"

"బొజ్జ ఉన్నప్పుడు తగ్గు తగ్గుమన్నరు. తగ్గితె బహుమానం ఇచ్చిండ్రు. ఇప్పుడు ఎందుకు తగ్గినవంటున్నరు. దేవుడు ఏ లెక్కల ఉంచిండో నాకైతె సమజైతలేదు."

"డాక్టరమ్మ ఇంకేమన్నది?"

"సోమారం వచ్చి చేరుమన్నది. ఆలస్యం చెయ్యొద్దన్నది."

"మరి చేరు."

"జాతరకు పోయొస్త. మొక్కు తీరినంక చేరుత."

"అమ్మవారు ఆగుతది బావ. గుండె ఆగుతదా? ఛీ, నా నోరు పడ. నా మతలబు అది గాదు."

"సమజైంది తీయ్. మీ అక్కకు చెప్తె జాతర బంద్ పెడ్తది. నీ మీదొట్టు, చెప్పకు. వాల్వులు జేబుల పెట్టు. వస్తున్నది."

"బావ, జర నా మాట ఇను. వాల్వులు వద్దు. నేను ఎందుకంటున్ననంటె..."

"పెట్టురా!"

"ఏం గుసగుస? ఆడోళ్లు నయం మీకంటె. కూసో అయ్యా. కాళ్లు కింద ఆనియ్యకు. తల్లీ సమ్మక్కా, సారలమ్మా, సల్లగ చూడుండ్రి. సదువు తమ్మీ."

"డెబ్బై నాలుగు."

"ఎంత?"

"డెబ్బై నాలుగు అక్క."

"చూసినవా కిష్టమ్మా. గంతగనం ఏం తగ్గలే. అందరి దిష్టి తప్ప ఏం లేదు."

"డెబ్బై నాలుగు ఎట్లయితది? తమ్మీ, నేను నాలుగు కిలోలే గద కలుపుమన్న?"

"ఏంది? ఏం కలుపుమన్నవ్?"

"ఏం లేదు. నువ్వు కదలకు."

"తిరుపతీ, గోనెసంచి కింద ఏం పెట్టినవ్‌రా?"

"నన్ను నడుమ లాగకుండ్రి. అక్కనడుగు."

"నన్నే అడుగు. దవాఖానల ఎవల ఫోన్ నెంబరు రాయించినవయ్యా? నీదా?"

"నాది... నాది ఎప్పుడు సైలెంట్ల ఉంటదని, నీది రాయించిన."

"మొన్ననే ఫోన్ చేసిండ్రు. సోమారం బెడ్డు ఉంటది, పేషెంటు అరవై ఆరుకు దిగిండు, తీస్కరాండ్రి అన్నరు. నువ్వు చెప్తవేమోనని చూసిన. చెప్పవైతివి."

"కిష్టమ్మా..."

"గంత దిగిన్నని కాంటా మీద చూస్తె నీ గుండె జారుతదని, నేనే వీనికి నాలుగు కిలోలు కలుపుమన్న. తూకం కలిపినందుకు, జాతరకు రానందుకు అమ్మకు రెండు తప్పుల దండం పెట్టుకున్న. బంగారం తమ్ముడు పట్కపోతడు జాతరకు. సోమారం పొద్దుగాల ఆటో మాట్లాడిన, నువ్వు దవాఖానకు. ఇగ మాట్లాడకు."

"మాట్లాడ."

"గని అరవై ఆరుకు నాలుగు కలిపితె డెబ్బయ్యే గావాలె. తమ్మీ, ఈ కడమ నాలుగు ఎక్కడియి?"

"నన్నడుగకు అక్క. నీకు భయమైతదని, అవి బావ తెచ్చిండు."