ఎనభై దాటితే ఊగిన కారు

ఏసోబుకి ఒక పాత తెల్లకారుండేదంట. కొండమూరులో పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ బాడుగకి తోలుకునేవోడు. పాతికేళ్ళ చెయ్యి, ఒక్క కోడిపిల్లని కూడా తొక్కించి ఎరగడు. ఏమైందంటే, ఒకరోజు నలుగుర్ని ఎక్కించుకుని ఒంగోలు పోతా ఉంటే, హైవే మీద ముల్లు ఎనభై దాటేసరికి కారు వెనక భాగం పక్కకి జరిగినట్టయింది. ఎవరో భుజంతో తోసినట్టనుకో. స్టీరింగు ఇటు తిప్పితే అది అటు పోద్ది, అటు తిప్పితే ఇటు పోద్ది. కాలు తీసి అరవైకి దింపాడు, ఏమీ లేదు, బుద్ధిగా పోతా ఉంది. మళ్ళీ ఎనభై, మళ్ళీ ఊగుడు. వెనక కూర్చున్నోళ్ళు కబుర్లలో ఉన్నారు, వాళ్ళకేం తెలవలా. ఈయన చొక్కా మాత్రం తడిసి ఒంటికి అంటుకుపోయిందంట.

తెల్లారి కారుని సిలార్ సాయిబు షెడ్డుకి పట్టుకుపోయాడు. ఆ చుట్టుపక్కల బళ్ళకి ఆయనే వైద్యుడు. టైర్లయి ఉంటయ్యి అన్నాడు, టైర్లు సరిచేశాడు. ఊగుడు పోలా. షాకబ్జార్లన్నాడు, అవీ మార్చాడు. పోలా. జాకీ మీద లేపి, కింద పడుకుని, ఒక్కో చక్రాన్నీ రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. "రాయిలా ఉందయ్యా" అన్నాడు. అప్పుడు ఏసోబు, సాయిబూ, నువ్వొకసారి నాతో రా, నలుగుర్ని ఎక్కించుకుని హైవే మీదికి పోదాం, నీకే తెలుసుద్ది అని బతిమాలాడంట. షెడ్డు నిండా బళ్ళు, సాయిబు ఎట్టొస్తాడు? ఊరి వీధిలో ఒక చుట్టు తోలి వచ్చాడు, నలభైలో. నలభైలో ఎందుకూగుద్ది? దిగి తలుపేసి, "బండిలో ఏం లేదు ఏసోబూ. నీకు వయసెంతొచ్చింది?" అన్నాడంట.

వినండి, ఆ మాట పోయి లోపల కూర్చుంది. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుందేమోనని చూసుకునేవోడు. అన్నం కలుపుతా కలుపుతా ఆపి వేళ్ళ వంక చూసుకునేవోడు. కళ్ళ డాక్టరు కాడికీ పోయొచ్చాడు, కళ్ళు బాగున్నయ్యన్నారు. అయితే చేతులే అనుకున్నాడు. ఆయన తమ్ముడు తిమోతి, లారీల మీద పనిచేసినోడు, ఒకే వాకిట్లో కాపరం. "నాకియ్యన్నా, నేను చూస్తా" అని ఒక్కడే హైవే ఎక్కాడు. ఎనభై, తొంభై, వంద. గీత గీసినట్టు పోయిందంట. నవ్వుకుంటా వచ్చి, "బండి బంగారంలా ఉందన్నా. నీ చేతులకే రెస్టు కావాల, కొన్నాళ్ళు బాడుగలకి నేను పోతాలే" అన్నాడు. వెనక మనిషి లేడు, బరువు లేదు, ఆ సంగతి అప్పుడు ఎవరికి తట్టుద్ది? మీకు తట్టిందా? ఏసోబుకి కొంచెం తట్టింది అనుకో. తాళాలు చేతికిస్తా, "నలుగురెక్కినప్పుడు ఎనభై దాటించమాకరా" అన్నాడు. అని ఊరుకున్నాడా? లేదు. "ఏమోలే, నా భ్రమేమో" అని తనే అన్నాడంట.

మూడోరోజు తిమోతి నలుగుర్ని ఎక్కించుకుని పెళ్ళికి పోయాడు. మార్టూరు అవతల ముల్లు ఎనభై దాటి ఉండగా ఒక బస్సు పక్కనుంచి రయ్యిన దాటిపోయింది. ఆ గాలికి కారు ఊగింది, తిప్పాడు, ఇంకా ఊగింది, రోడ్డు దిగి పల్టీలు కొట్టి మిరపచేలో పడింది. ఎక్కినోళ్ళు నలుగురూ చేతులూ కాళ్ళూ విరిగి బతికారు. తిమోతి బతకలా. ఏసోబు పోయేసరికి మనిషిని తీసుకుపోయారు, కారు మాత్రం పక్కకి పడి పొట్ట బయటపెట్టుకుని ఉంది. మిరపచెట్ల మధ్యన గొంతుకూర్చుని ఒక్కో చక్రమే చూసుకుంటా వచ్చాడంట. వెనక ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చెయ్యి ఉంటది గదా, అది బాడీకి అతికిన చోట బెత్తెడు పగులు. సగం తెల్లగా మెరుస్తా ఉంది, అది ఆరోజు చిరిగింది. మిగతా సగం ఎర్రగా తుప్పు. తుప్పు ఒక్కరోజులో పడుతుందా? నెలలు పడుద్ది. సిలార్ సాయిబూ వచ్చాడు, పగుల్లో వేలు పెట్టాడు. "జాకీ మీద లేపితే చక్రం వేలాడి ఇది మూసుకుందయ్యా. నలుగురెక్కి స్పీడు అందుకుంటేనే నోరు తెరిచింది. ఆరోజు నేను నీతో రావాల్సింది" అని గట్టు మీద కూలబడి ఏడ్చాడంట. ఏసోబు తన వేళ్ళ వంక చూసుకుని, "నా చేతులు కాదన్నమాట" అన్నాడు, అంతే.

ఇంగ ఊళ్ళో వచ్చినోళ్ళందరిదీ ఒకటే మాట. నువ్వు చెప్పిందే నిజం ఏసోబూ, నువ్వు చెప్పిందే నిజం. అన్నప్పుడల్లా ఆయన తల కిందికి పోయేదంట. తిమోతి పెళ్ళాం సువార్త మాత్రం ఆ మాట అనలా. మట్టి చేసి వచ్చిన మూడోనాడు ఆయనకి మంచినీళ్ళిచ్చి, అక్కడే నిలబడి అడిగింది. అరవలా, తిట్టలా. "బావా, నీకు తెలుసుగా. మరి తాళాలెందుకిచ్చావు?"

ఏం చెప్తాడు? చూసినోళ్ళంతా కాదంటుంటే నాకూ నా మీద నమ్మకం పోయిందమ్మా అని చెప్పొచ్చు. ఆమె మొహం చూసి ఆ మాట ఎట్టొచ్చుద్ది? ఏడేళ్ళయింది. అదే వాకిలి, అదే పంపు, ఇద్దరూ అక్కడే నీళ్ళు పట్టుకుంటారు. ఆమె మళ్ళీ అడగలా, ఆయన చెప్పలా. ఆయనేం చెప్పుంటే బాగుండేదని మీరు నన్నడగమాకండి. నాకు తెలిస్తే ఇక్కడ కూర్చుని మీకెందుకు చెప్తా, పోయి ఆయనకే చెప్పి వద్దును.