బైండింగు షాపుకు వచ్చిన పన్నుల శాఖ మెయిలు

నా పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా దీనికి జతచేసిన కాగితంలో ఇచ్చాను. వయసు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా మా బాబాయి, పిన్ని దగ్గర ఉంటున్నాను. కాలేజీ లేనప్పుడు వాళ్ల పుస్తకాల బైండింగు షాపులో పని చేస్తాను. కంప్యూటరు, మెయిళ్లు, రసీదులు నేను చూస్తాను. ఈ వాంగ్మూలం ఇమ్మని నన్నెవరూ పోలీసు స్టేషనుకు పిలవలేదు. నాకు నేనే వచ్చాను.

మా షాపు ఒకటే గది. తలుపు పక్కన నా బల్ల. మధ్యలో బాబాయి కూర్చుని కుట్టే చోటు. గోడ వారన కటింగ్ మిషను. అది పాతది, కత్తికి అడ్డు రేకు లేదు. రెండేళ్ల క్రితం పిన్ని ఎడమ చూపుడు వేలి కొస అందులో పోయింది. ఇది కేసుకు అవసరమా అని అధికారి గారు అడిగారు. అవసరమే. పోయిన డబ్బు అడ్డు రేకు ఉన్న కొత్త మిషను కోసం దాచింది. నిన్న, అంటే శుక్రవారం, దానికి అడ్వాన్సు కట్టాల్సింది.

బుధవారం ఉదయం 10:40కి షాపు మెయిలుకు ఒక ఉత్తరం వచ్చింది. పన్నుల శాఖ నుంచి అని ఉంది. పైన శాఖ ముద్ర ఉంది. మేము ఎక్కువగా కట్టిన పన్ను వాపసు మంజూరైందని, ఆ రోజు సాయంత్రం 5 లోపు బ్యాంకు ఖాతా నిర్ధారించకపోతే రద్దవుతుందని రాసి ఉంది. అడుగున నీలం అక్షరాల్లో శాఖ వెబ్ చిరునామా ఉంది. మేము మూడు వారాల క్రితమే లెక్కలు సమర్పించాం. అందుకే ఎదురుచూస్తున్నదే వచ్చిందనుకున్నాం. ఉత్తరంలో భాష చాలా మర్యాదగా ఉంది. 'గౌరవనీయ పన్ను చెల్లింపుదారులకు' అని మొదలైంది. బాబాయి పేరు మాత్రం ఎక్కడా లేదు. అది నేను అప్పుడు గమనించలేదు.

బాబాయి ఏ మెయిలూ తెర మీద చదవడు. తెర మీది మాట నీటి మీద రాత అంటాడు. ప్రతిదీ ప్రింటు తీయించి, దబ్బనంతో గుచ్చి, దారానికి ఎక్కిస్తాడు. పంపినవాళ్ల వివరాలు కూడా ప్రింటు తీస్తే రెండో కాగితం దండగని పై భాగం తీసేయమంటాడు. ఆ రోజూ తీసేశాను. 10:55కి ప్రింటు ఇచ్చాను.

ఆయన కళ్లజోడు పైకెత్తి రెండుసార్లు చదివి, "అమ్మడూ, ఇది అసలుదేనా? ఈ మధ్య అన్నీ దొంగవి వస్తున్నాయంటున్నారు. ఒకసారి చూసి చెప్పు" అన్నాడు.

ఆయన నన్ను అడిగాడు. ఈ మాట రాయమని మనవి. ఆయన నన్ను అడిగాడు.

నేను కాగితం పక్కన పెట్టుకుని నీలం అక్షరాల చిరునామాను కంప్యూటరులో ఒక్కో అక్షరం టైపు చేశాను. మా కాలేజీ లైబ్రరీలో కూడా కార్డు మీది నంబరు వేలు పెట్టి సరిచూసుకునే అలవాటు నాకు. 11:10కి పన్నుల శాఖ పేజీ తెరుచుకుంది. లెక్కలు సమర్పించినప్పుడు చూసిన పేజీయే. బాబాయి ఖాతాలోకి వెళ్లాను. 'పరిశీలనలో ఉంది' అని చూపించింది. మంజూరైనట్టు ఎక్కడా లేదు.

"చిరునామా అసలుదే బాబాయ్. కాకపోతే ఇక్కడ ఇంకా పరిశీలనలో ఉందనే చూపిస్తోంది" అన్నాను.

"ఆఫీసు సంగతి నీకు తెలీదు. ఉత్తరం గుర్రం మీద వస్తుంది, రిజిస్టరు నడిచొస్తుంది" అన్నాడు.

నేను నవ్వాను. మళ్లీ చూడలేదు.

11:20కి నేను అట్టలకు జిగురు పూయడానికి లేచాను. కాగితాన్ని నొక్కలేడు గనక బాబాయి అదే మెయిలు తన ఫోనులో తెరిచి నీలం అక్షరాల మీద వేలితో నొక్కాడు. కాగితం మీద ఉన్నవీ, ఫోనులో ఉన్నవీ ఒకే అక్షరాలు. టైపు చేస్తే నేను అసలు పేజీకి వెళ్లాను. నొక్కితే ఆయన వేరే పేజీకి వెళ్లాడు. అందులోనూ అదే ముద్ర ఉంది. అది బ్యాంకు కార్డు నంబరు, కార్డు వెనక ఉన్న మూడంకెలు అడిగింది. ఆయన ఇచ్చాడు.

బాబాయికి అంకెలు పైకి చదివే అలవాటు. 11:31కి ఆయన ఆరంకెలు ఒక్కొక్కటిగా చదవడం వినిపించింది. నాలుగో అంకె దగ్గర నా చేతిలో కుంచె ఆగిపోయింది. మన ఖాతాలోంచి డబ్బు బయటికి వెళ్లేటప్పుడే ఓటీపీ వస్తుంది. మనకు రావలసిన డబ్బుకు మన తాళంచెవి ఎందుకు?

"బాబాయ్, ఆగు" అన్నాను.

"అయిపోయిందమ్మా" అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

అప్పుడే బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది. మిషను డబ్బులో సగం పోయింది. ఫోను లాక్కున్నాను. నా చేతుల జిగురు తెరకు అంటుకుంది. చొక్కా అంచుతో తుడిచి బ్యాంకుకు ఫోను చేశాను. భాష కోసం ఒకటి నొక్కమన్నారు, కార్డు కోసం మూడు నొక్కమన్నారు, తర్వాత సంగీతం వచ్చింది. సంగీతం మధ్యలో ఇంకో ఓటీపీ వచ్చింది. బాబాయి అది పైకి చదవబోయాడు. "చదవకు" అని అరిచాను. ఆయన మీద అరవడం అదే మొదటిసారి. 11:42కి కార్డు ఆపేశామని బ్యాంకు వాళ్లు చెప్పారు. మిగతా సగం దక్కింది.

తర్వాత ఫోనులో ఆ నీలం అక్షరాల మీద వేలు అలాగే అదిమిపెట్టి చూశాను. ఆ అక్షరాల అడుగున దాగిన ఇంకో చిరునామా కనిపించింది. దానికీ శాఖకూ సంబంధం లేదు. పంపినవాళ్ల చిరునామా కూడా శాఖది కాదు. నేను ప్రింటులో తీసేసిన పై భాగంలో అది ఉంది. కాగితానికి అడుగు ఉండదు. అందుకే నాకు కనపడలేదు.

1:00కి పిన్ని భోజనం తెచ్చింది. విషయం విని క్యారియరు నా బల్ల మీద పెట్టింది. తర్వాత బాబాయితో, "పక్కనే చదువుకున్న పిల్ల ఉంది కదండీ. ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?" అంది.

బాబాయి నా వైపు చూడలేదు. "తోచలేదు. ఎవర్నీ అడగలేదు" అన్నాడు.

2:15కి ఈ స్టేషనులోనూ అదే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. మాట్లాడలేదు. బయట మెట్ల దగ్గర, ఎందుకలా చెప్పావని అడిగాను.

"మీ పిన్ని నాతో మాట్లాడకపోతే నాకు అలవాటే. అదో సెలవు నాకు. నీతో మాట్లాడకపోతే నువ్వు అన్నం తినవు. నోరు మూసుకుని చదువుకో" అన్నాడు.

బుధవారం నుంచి పిన్ని ఆయనతో మాట్లాడటం లేదు. నాకు మాత్రం అడగకుండానే రెండోసారి వడ్డిస్తోంది. నిన్న ఆమె పాత మిషను మీద రెండు వందల నలభై పుస్తకాలు కోసింది. కత్తి దిగిన ప్రతిసారీ నేను లెక్కపెట్టాను. నిన్న రాత్రి ఆమె నాతో, "ఆయన నిన్ను అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు" అంది. నేను తల ఊపాను. అందుకే ఇవాళ, శనివారం, 10:20కి వచ్చాను.

బాబాయి ఇచ్చిన వాంగ్మూలం తప్పవుతుందని అధికారి గారు హెచ్చరించారు. తెలుసన్నాను. పోయిన సగం ఇంకో బ్యాంకులో ఆగి ఉందని, వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని అన్నారు. అదీ విన్నాను.

రాసింది చదివి వినిపించినప్పుడు 'తెలియక చెప్పాను' అని ఉంది. చిన్నపిల్లవి, అలా ఉంటే నీకే మంచిదమ్మా అన్నారు. నేను ఒప్పుకోలేదు. తెలియక చెప్పలేదు. సరిచూసి చెప్పాను. సరిచూసినప్పుడు మంజూరు కాలేదని అసలు పేజీయే చెప్పింది, దాన్ని నవ్వి వదిలేశాను. అలాగే దిద్దించాను. దిద్దిన చోట పొట్టి సంతకం పెట్టాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. ఇందులో అబద్ధం లేదు, దాచింది లేదు.

దీని నకలు ఒకటి ఇమ్మని కోరాను. షాపుకు వెళ్లి, మిషను ఆపించి, బాబాయి ఎదురుగానే పిన్నికి చదివి వినిపిస్తాను.

(సంతకం)
శనివారం, ఉదయం 11:50