ఫైరింజను పోయిందంటే

ఎస్సైగారూ, ముందు ఒకటి దిద్దుకోండి. "ఫైరింజను దొంగతనమైందని నారాయణమ్మ చెప్పింది" అని ఇందాక చదివినారు. దొంగతనమనే మాట నా నోట రాలేదు. "పోయింది" అన్నాను.

నా పేరు నారాయణమ్మ, భర్త కీర్తిశేషులు అంజినప్ప. వయసు డెబ్బై ఒకటి. కాపురం పుంగనూరు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనాను. ఈ దినం 18-7-2003, శుక్రవారం, పగలు పన్నెండు నలభై. రెండు గంటలకు, మీరు పట్టుకొచ్చిన ఘనిని కోర్టుకు పంపుతామన్నారు కాబట్టి టైము రాయండి.

నా భర్త మదనపల్లెలో ఫైరింజను డ్రైవరు. రిటైరైన రోజు తోటివాళ్లు ఆయనకొక బొమ్మ ఇచ్చినారు. జానెడు పొడవు, ఇనుములాగా బరువు, ఎర్ర రంగు. టాపు లేని పాతకాలపు ఫైరింజను. చక్రం తిప్పితే దానిమీది గంట మోగేది. బెంగళూరులో ఇట్లాంటివి సేకరించే ఒకాయన సూడాలన్నాడని, ఆదివారం తీసుకుపోతానని కుప్పంలో ఉండే నా కొడుకు నాగరాజు చెప్పినాడు. తీసి తిప్పితే గంట మోగలేదు.

మంగళవారం పదకొండు గంటలకు మదనపల్లెలో గడియారాలు బాగుచేసే ఘనికి ఇచ్చినాను. ఆయనకు వయసు అరవై ఆరు. ఆయప్ప ప్రతి వస్తువుకూ చీటీ కట్టి పెడతాడు.

బుధవారం సాయంత్రం ఐదు గంటలకు ఎస్టీడీ బూతునుంచి నాగరాజుకు ఫోన్ చేసినాను. బయట లారీ హారన్లు.

"ఫైరింజను పోయిందిరా."

"యాడమా ఉండాది ఇప్పుడు?"

"ఘని దగ్గర."

"ఘని తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు. తీసుకోక ఏంజేస్తాడు?"

లైను తెగింది. నా కొడుకు మళ్లీ అడగలేదు. గురువారం మూడు గంటలకు ఈ మదనపల్లె స్టేషనుకొచ్చి ఫిర్యాదు రాసిచ్చినాడు. నాలుగు గంటలకు ఘనిని, బొమ్మను తెచ్చినారు. ఈ పొద్దు ఏడు గంటలకు ఆయన భార్య ఖదీజా మా వాకిట్లో నిలబడి ఏడిస్తే గాని నాకు తెలియలేదు. నాగరాజు ఇప్పుడు బయట బల్లమీద కూర్చోనుండాడు. నా మొహం సూడటంలేదు.

బల్బు పోయిందంటే ఎవరూ దొంగను వెతకరు కదా నాయనా. మీ బల్లమీది బొమ్మకు ఘని కట్టిన చీటీ చదవండి: "టీచరమ్మది. గంట పోయింది." ఇది చదివే గదా మీ కానిస్టేబులు "గంట యాడ అమ్మినావు?" అని రాత్రంతా అడిగింది? గంట బండిమీదే ఉండాది. మోగదు, అంతే. కావాలంటే చక్రం తిప్పండి. నేనింత సేపూ సూస్తాండాను, ఎవరూ తిప్పలేదు.

గంట అమ్మినట్టు ఘని ఒప్పుకొని సంతకం పెట్టినాడన్నారు. నేనడిగితే, "టీచరమ్మా, నాకి అక్షరం కనబడ్లే. పెట్టమన్నారు, పెట్టేస్తిని" అన్నాడు. ఆయన జేబు సూసినాను. కళ్లద్దాలు లేవు. అద్దాలు లేకుండా ఆయన గడియారం ముల్లు కూడా సూడలేడు. పన్నెండు యాభై అయింది.

ఇదంతా నేను చెప్పిందే. రాసింది నేనే చదువుకొని, మూడు అక్షర దోషాలు దిద్ది, ఎవరి బలవంతమూ లేకుండా నిజమని సంతకం చేస్తాండాను.

(సం) నారాయణమ్మ

సంతకం కింద ఇది కూడా రాయండి. ఒక కానిస్టేబులును సైకిల్ మీద ఘని అంగడికి పంపండి. తాళంచెవి బయట ఖదీజా దగ్గరుండాది. బల్ల ఎడమ సొరుగులో, నల్ల డబ్బాలో అద్దాలుండాయి. తెచ్చి ఘనికి పెట్టి, ఆయన సంతకం పెట్టిన కాగితం ఆయన చేతికే ఇవ్వండి. చదవనీండి. రెండు కాకముందే.