సర్కారు బండి, నా కట్టె మోపు

“అత్తమ్మా, చాందు తాత మనకు చుట్టమా, పక్కమా? నిన్న ఆయనను మట్టి చేసేకాడ గంతగనం ఎందుకేడ్చినవ్?”

అడుగుతవని తెల్సు బిడ్డా. కూసో. ఆ చాట పక్కకు వెట్టు. బియ్యంల రాళ్లు మల్ల ఏరుకుందం.

చుట్టం గాదు. ఆయన సాయిబు, మనం కాపోళ్లం. పీర్ల కొట్టం చూసుకునే ముజావరు. పీర్ల పండుగకు పీరును ఎత్తేది ఆయనే.

నీ పెనిమిటికి గప్పుడు ఏడేండ్లు. కాదు కాదు, పోచారం చెరువు అలుగు పారిన ఏడు గద, ఎనిమిది. చలిజ్వరం పట్టింది. పన్నెండొద్దులు కన్ను తెరువలే. మీ మామ బండి కట్టి కామారెడ్డికి తోల్కపోదామంటె వాగు నిండ ఉన్నది. గప్పుడొచ్చిండు చాందు తాత. ఊదు పొగేసిండు. నుదుటికి ఊది వెట్టిండు. వెట్టి పోలే, మూడొద్దులు మన అరుగు మీదనే కూసున్నడు. నాలుగో నాడు పోరడు లేచి గంజి అడిగిండు. ఊదితోని తగ్గిందా, గంజితోని తగ్గిందా, నాకు తెల్వది. నేనైతె మొక్కిన. నా కొడుకు బతికితె ఐదేండ్లు పీర్ల నిప్పుల గుండంల నా నెత్తి మీది కట్టె మోపు ఏస్త అని.

మీ బీర్కూరుల ఎట్లనో గని, మా ఊర్ల గుండం కట్టె ఊరందరిది. ఇంటికో మోపు. యేసును మొక్కే మన జీతగాడు గూడ ఏసేటోడు. “మంటకేం మతం అవ్వా” అనేటోడు. అణా బెల్లం దెస్తె పీర్లకు చేసే మలీద ఇంటిల్లిపాదికీ సరిపోయేది. ఈ లడాయి వచ్చినంక బెల్లం ముట్టేటట్టున్నదా ఏంది... ఏం చెప్తున్న? ఆఁ, మొక్కు.

మొక్కు తీర్చాలె, పండుగ నెల రోజులున్నది. పైనుంచి సర్కారు మనిషి ఒకాయన గుర్రం మీద వచ్చిండు. చెడ్డోడు గాదు, మంచి మాటలే. “రాజు మతం ఇదే గద. ఇగ నుంచి కొట్టం ఖర్చు సర్కారుది. సున్నం, నూనె, కట్టె, అంత మేమే పంపుతం. ముజావరుకు నెలనెలా జీతం” అన్నడు.

తాత ఇల్లు కురుస్తుండె. అంగి నిండ అతుకులే. అయినా ఎనకముందాడిండు. నేనే అన్న, “తీసుకో తాతా. ఇస్తుంటె వద్దంటరా? రాజుకు దేవుడుండొద్దా?” అని. నేనే బిడ్డా. ఈ నోటితోనే.

పండుగ వచ్చింది. కొట్టం తెల్లగ మెరుస్తున్నది. సర్కారు బండ్లు రెండు, నిండ కట్టె. నేను తానం చేసి, తడి చీరెతోని, మన గట్టు మీది తుమ్మ కట్టె మోపు నెత్తిన వెట్టుకొని పోయిన. పోరడు నా కొంగు వట్టుకున్నడు. కొట్టం ముంగట ఒక జవాను నిలవడ్డడు.

“అవసరం లేదమ్మా. కట్టె మస్తుగున్నది. తీస్కపో” అన్నడు.

తిట్టలే. మర్యాదగనే అన్నడు. గని మొక్కు తీరకుంటె నా కొడుకేమైతడు? బతిమిలాడిన. హుకుం లేదన్నడు.

గుండం ముట్టిచ్చిన్రు. మంట తాటిచెట్టెత్తు లేచింది. చుట్టూ ఎగిరి ఆడేటోడు ఒక్కడు లేడు. జనమంత దూరం నిలవడి చూస్తున్నరు. మా తోటికోడలున్నది గద, దాని నోరు ఊకుంటదా? “సర్కారు కట్టె పంపింది గని, ఎగిరేటోళ్లను పంప మర్చిపోయింది” అన్నది. అందరు నవ్విన్రు. నేను మోపు మీద కూసోని ఏడుస్తున్న.

తాత చూసిండు. వచ్చిండు. మోపు లేపి నా నెత్తిన వెట్టి “దా బేటీ” అన్నడు.

జవాను అడ్డమొచ్చిండు. “ఆమె కట్టె పడకుంటె పీరు లేవడు. ఎత్తేది నేను గద, నేను ఎత్తను” అన్నడు తాత.

“జీతం పోతది ముసలోడా.”

“పోనియ్.”

ఏసిన. నీ పెనిమిటి గూడ ఒక పుల్ల ఏసిండు. గంతె, ఊరంత ఇండ్లకు ఉరికింది. దొరికిన కట్టె వట్టుకొని వచ్చిన్రు. జవాను పక్కకు జరిగిండు పాపం, ఎంతమందిని ఆపుతడు?

తెల్లారి తాత ఆ జీతం కాయితం సర్కారుకు వాపసు ఇచ్చిండు. నేను కాళ్ల మీద పడ్డ, నా మాట పట్టి తీసుకున్నవ్, నా కొరకు ఇడిచినవ్ అని. ఆయన ఏమన్నడో ఎరుకేనా? “రాజుకు దేవుడుండొద్దా అన్నవ్ గద బేటీ. ఉండాలె. రాజు గూడ మనలెక్క ఒక పుల్ల వట్టుకొని రావాలె. ఎవలొద్దంటరు? బండ్లు పంపితెనే మనమందరం చూసేటోళ్లమైతం.”

మా నాయిన పోచారం కట్టకు మట్టి మోసిండు. సర్కారు కట్టింది, మంచిగ కట్టింది. నీళ్లకు ఎవలి మడైతేంది. సర్కారు గసొంటివి కట్టాలె. దేవుణ్ణి మనకిడిచిపెట్టాలె. నాకు గింతే తెల్సు.

ఆ వానకాలం ఇంటికిన్ని మోపుల గడ్డి వేసి తాత ఇల్లు కప్పినం. అయినా కురిసింది. ఒక్కనాడు నన్నొక మాట అనలే. గందుకేడ్చిన.

నిన్న తాత కొడుకు నా దగ్గరికొచ్చిండు. “అక్కా, జీతమిస్తమని మళ్ల కబురు పంపిన్రు. ఇల్లు గడుస్తలేదు. ఏం జెయ్యాలె?” అన్నడు. వద్దని ఎట్ల చెప్త? ఆకలి ఆయనది. ఒక్కపారి చెప్పి చూసిన గద నేను. “యాసంగి కల్లంల మొదటి కుంచెడు జొన్నలు నీ ఇంటికొస్తయ్ తమ్మీ, ప్రతి ఏడు. మిగిలిన ఇండ్లు నేను తిరుగుత” అన్న. అంతే అన్న. పొద్దుగాల నాలుగిండ్లు తిరిగొచ్చిన. మూడిండ్లు సరేనన్నయ్.

నీ కడుపుల కాయ సల్లగ పండని బిడ్డా, నీ పసుపు కుంకుమ పచ్చగుండని. పండుగకు నువ్వు గూడ రావాలె. మోపు నేను మోస్త, నువ్వు బరువెత్తకు. ఒక పుల్ల తెచ్చుకో, చాలు. సన్నదైనా... నీ చేతిదైతె చాలు...